పొలంలో రెండు బిళ్లలు దొరికాయి: పసుపుది బంగారమేనా, చిన్నది ఏ కాలం నాణెం?

పొలంగట్టు
అందరికీ నమస్కారం. మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఈ మధ్యే తిరగడం మొదలుపెట్టాను. నేనుండే చోట పొలం యజమాని ఒప్పుకుంటే వెతకవచ్చు. ఆయన కాగితం మీద రాసి మరీ అనుమతి ఇచ్చారు. దున్ని వదిలేసిన చేనులో రెండు బిళ్లలు దొరికాయి.

మొదటిది పలచగా, పసుపు రంగులో ఉంది. ఒక వైపు మధ్యలో పువ్వు, దాని చుట్టూ కిరీటాల్లాంటివి. రెండో వైపు గుండ్రటి బంతి, దాని మీద శిలువ. అంచు వెంట అక్షరాలున్నాయి, ఏ భాషో తెలియలేదు. డిటెక్టర్ మధ్యస్థం నంబర్ చూపించింది. బంగారం కూడా ఆ దగ్గర్లోనే పలుకుతుందని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

రెండోది చిన్నది, ముదురు గోధుమ రంగు. మట్టి గట్టిగా పట్టేసింది. ఒక వైపు మనిషి తల ఉన్నట్టు అనిపిస్తోంది. బ్రష్‌తో తోముదామనుకుంటున్నాను, ఏం వేసి తోమితే మంచిది? ఫోటోలు పెట్టాను, ఫోన్ ఫ్లాష్‌తో తీసినవి.

చిలుము
తోమకండి! ముందు ఆ బ్రష్ పక్కన పెట్టి ఇది చదవండి.

రాగి, కంచు నాణెం వందల ఏళ్లు మట్టిలో ఉంటే దాని పైభాగం మెల్లగా ఖనిజంగా మారిపోతుంది. మీరు చదవాలనుకునే బొమ్మ, అక్షరాలు చాలాసార్లు ఆ మారిన పొరలోనే నిలిచి ఉంటాయి, కింద మిగిలిన లోహంలో కాదు. తోమితే మట్టితోపాటు ఆ పొర లేచిపోతుంది. అప్పుడు చేతిలో మిగిలేది నున్నటి రాగి రేకు. వెనిగర్, నిమ్మ ఉప్పు, టూత్‌పేస్ట్ లాంటివన్నీ చేసేది ఇదే. తెల్లగా మెరుస్తూ వచ్చింది కదా అని జనం సంబరపడతారు గానీ, ఆ మెరుపుకోసం పోగొట్టుకున్నది మళ్లీ రాదు.

చేయదగినది ఒక్కటే. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, నీళ్లు మురికిగా మారినప్పుడల్లా మార్చండి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలో క్లోరైడ్లు ఉంటాయి, రాగికి అవే శత్రువులు. మట్టి మెత్తబడ్డాక భూతద్దం కింద వెదురు పుల్లతో కొద్దికొద్దిగా తీయండి. పుల్లకు పచ్చ పొడి గానీ, ఎర్రటి మచ్చ గానీ తగిలితే అక్కడితో ఆపేయండి.

తూకంరాయి
చిలుము గారి మాటే నాదీ. ఇక గుర్తుపట్టడం సంగతి. ఫోటోలో రంగు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఇవి పంపండి:

బరువు, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు మీద. వ్యాసం, మిల్లీమీటర్లలో. అంచు ఎలా ఉంది, గుండ్రంగా యంత్రంతో కోసినట్టుందా, వంకరగా ఉందా, చుట్టూ అతుకు గీత ఏమైనా ఉందా? అయస్కాంతానికి అంటుకుంటుందా? ఇంకా, బొమ్మ నిటారుగా పెట్టి పైనుంచి కిందికి తిప్పితే బొరుసు నిటారుగా వస్తోందా, తలకిందులుగా వస్తోందా?

ఫోటో విషయంలో ఫ్లాష్ ఆపేయండి. గది చీకటి చేసి, ఒకే దీపం పక్క నుంచి దాదాపు నేల మట్టంలో పెట్టి తీయండి. అరిగిన అక్షరానికి కూడా నీడ పడుతుంది. దీపాన్ని నాలుగు దిక్కుల నుంచీ మార్చి నాలుగు ఫోటోలు తీస్తే, ఒకదానిలో కనపడనిది ఇంకోదానిలో దొరుకుతుంది. పక్కన స్కేలు పెట్టడం మరవద్దు.

బీప్‌మోత
నంబర్ గురించి ఒక మాట. డిటెక్టర్‌కు బంగారం, వెండి అని పేర్లు తెలియవు. కాయిల్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. దానివల్ల లోహంలో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి నుంచి తిరిగి వచ్చే సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచి మిషన్ ఒక నంబర్ ఇస్తుంది. ఆ ఆలస్యం లోహం ఏదన్న దాని మీదే కాదు, అది ఎంత పెద్దది, ఎంత మందం అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. పలచటి బంగారం, పలచటి ఇత్తడి, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగు, మూడూ ఒకే చోట పలకగలవు. పెద్ద వెండి నాణెం పైన పలుకుతుంది, చిన్న పలచటి వెండి నాణెం అదే మిషన్‌లో బాగా కిందికి దిగుతుంది.

ఇంకో సంగతి, ఒక కంపెనీ మిషన్‌లో 20 అంటే ఇంకో కంపెనీ మిషన్‌లో 20 కాదు. స్కేళ్లు వేరు. అందుకే నంబర్ చూసి తవ్వాలా వద్దా అని తేల్చుకోండి. నాణెం ఏదో తేల్చే పని మాత్రం దానికి అప్పగించవద్దు.

పాతపైకం
మట్టి వదలడానికి ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టే పద్ధతి ఉంది. చాలామంది చేస్తారు. రోమన్ కంచు నాణేలకు బాగానే పనిచేస్తుంది, ఓపిక కావాలంతే.

చిలుము
పాతపైకం గారూ, నూనె మట్టిని మెత్తబరుస్తుంది, అది నిజమే. కానీ నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలు రాగితో నెమ్మదిగా చర్య జరుపుతాయి. నూనె పచ్చగా మారుతుంది చూడండి, ఆ పచ్చదనం నాణెంలోంచి వచ్చిన రాగే. పైగా నూనె సందుల్లో చేరిపోతే తరవాత ఎవరైనా సరిగ్గా శుభ్రం చేద్దామన్నా కష్టం. మ్యూజియంలో ఈ పని చేసేవాళ్లు నూనె వాడరు. ఎంతమంది చేసినా నేను దాన్ని సిఫారసు చేయలేను.

పొలంగట్టు
అందరికీ ధన్యవాదాలు. బ్రష్ ముట్టుకోలేదు. కొలతలివి:

పసుపు బిళ్ల: 22 మి.మీ., 1.10 గ్రా. అంచు కొద్దిగా వంకర. అయస్కాంతానికి అంటలేదు. అతుకు గీత లేదు.
గోధుమ రంగు నాణెం: సుమారు 15 మి.మీ., 1.52 గ్రా. అంచు ఎత్తుపల్లాలుగా ఉంది, ఒక చోట చిన్న చీలిక. ఇదీ అయస్కాంతానికి అంటలేదు. తిప్పితే బొరుసు నిటారుగానే వస్తోంది.

పక్క దీపంతో కొత్త ఫోటోలు పెట్టాను. పసుపుదాని మీద హెచ్, ఎ, ఎన్, ఎస్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వరసగా కనిపిస్తున్నాయి, తరవాత కె లాంటిది.

తూకంరాయి
పొలంగట్టు గారూ, పసుపుది బంగారం కాదు. ఎలా అంటే,

బంగారం సాంద్రత 19.3. వెండి 10.5, సీసం 11.3, రాగి 8.9, ఇత్తడి దాదాపు 8.5. అంత వెడల్పు, అంత మందం ఉన్న బిళ్ల బంగారంతో చేసి ఉంటే బరువు ఇప్పుడున్నదానికి రెట్టింపు దాటాలి. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. అనుమానం మిగిలితే ఒక పరీక్ష చేయండి. గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. బిళ్లను సన్నటి దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదీయండి. త్రాసు చూపించే అంకెతో బిళ్ల బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. మీది ఇత్తడైతే త్రాసు 0.13 చూపించాలి. ఇంత చిన్న బరువు దగ్గర ఒక్క అంకె అటూ ఇటూ అయినా సాంద్రత 8 నుంచి 9 దాకా ఊగుతుంది, కాబట్టి ఇత్తడా, కంచా అని దీనితో తేల్చలేరు. బంగారం కాదని మాత్రం ఖాయంగా తేలుతుంది.

ఇక అదేమిటో బొమ్మబొరుసు గారు చెబుతారు. నాకు ఒక ఊహ ఉంది.

బొమ్మబొరుసు
ఊహ కాదు, ఫోటోలోనే ఉంది. పువ్వు చుట్టూ మూడు కిరీటాలు, వాటి మధ్య మూడు లిల్లీ పువ్వులు. వెనక మూడు వంపుల చట్రంలో శిలువ ఉన్న రాజగోళం. పేరు హాన్స్, తరవాత కె. ఇది జర్మనీలోని నూరెంబర్గ్‌లో చేసిన లెక్కల బిళ్ల. చేసినవాడు హాన్స్ క్రావింకెల్. ఆ పేరుతో ఇద్దరు పనిచేశారు, ఎక్కువగా దొరికేవి రెండో అతనివి, 1586 నుంచి 1635 మధ్యవి. దీన్ని జెటాన్ అంటారు.

ఇది డబ్బు కాదు. అప్పట్లో ఐరోపాలో వర్తకులు, కచేరీ గుమాస్తాలు గీతలు గీసిన బల్ల మీద ఇలాంటి బిళ్లలు పేర్చి లెక్కలు వేసేవారు. ఒక గీత మీద ఒకట్లు, దాని పైన పదులు, ఆపైన వందలు. రోమన్ అంకెలతో కాగితం మీద కూడికలు, తీసివేతలు చేయడం నరకం కాబట్టి బల్ల మీద చేసి, వచ్చిన జవాబు మాత్రం రాసుకునేవారు. మన దేశం నుంచి అరబ్బుల ద్వారా వెళ్లిన అంకెలు, సున్నాతో సహా, వాడకంలోకి వచ్చి కాగితం మీదే లెక్క చేయడం అలవాటయ్యాక ఈ బిళ్లల పని మెల్లగా తగ్గిపోయింది. బంగారం కాదని మీరు నిరాశపడవద్దు. ఎవరో 400 ఏళ్ల కింద వేళ్లతో జరుపుతూ లెక్క చూసుకున్న వస్తువు అది. ఇలాంటిది దొరికితే నాకు నాణెం దొరికినదానికన్నా ఎక్కువ సంతోషం.

చుట్టూ ఉన్న అక్షరాలు పూర్తిగా చదవగలిగితే జర్మన్‌లో ఒక సూక్తి రావచ్చు. ఈ రకం మీద ‘దేవుడి ఆశీస్సు సంపన్నుణ్ణి చేస్తుంది’ అని తరచూ ఉంటుంది. ‘నేడు ఎర్రగా, రేపు చచ్చి’ అనేది కూడా దొరుకుతుంది.

సాయంత్రం చదువరి
నాణెం కానివి ఇలా ఇంకా ఏమేం దొరుకుతాయి? నా దగ్గర గుండ్రటివి చాలా ఉన్నాయి, అన్నిటినీ నాణేలనే అనుకుంటున్నాను.

తూకంరాయి
బొత్తాలు అన్నిటికంటే ఎక్కువ. వెనక మధ్యలో కొక్కెం ఊడిన మచ్చ వెతకండి. తూకం రాళ్లుగా వాడిన ఇత్తడి బిళ్లలు, బస్తాలకు, బట్టల మూటలకు వేసే సీసం ముద్రలు, దుకాణాల టోకెన్లు కూడా వస్తాయి. సీసం గుండు చితికిపోతే అచ్చం నాణెంలా కనిపిస్తుంది, కానీ గోరుతో గీస్తే గీత పడుతుంది.

పొలంగట్టు
నిజంగా ఆశ్చర్యంగా ఉంది, బొమ్మబొరుసు గారూ. నీళ్లలో వేలాడదీసి చూశాను, త్రాసు 0.13 చూపించింది. లెక్కలు వేసే బిళ్ల అని తెలిశాక బంగారం సంగతే మర్చిపోయాను.

రెండోదాని మట్టి నీళ్లలో కొంచెం వదిలింది. తల కుడి వైపు చూస్తోంది, నుదుటి మీదుగా పట్టీ లాంటిది ఉంది. వెనక ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్యలో కర్ర. అక్షరాలు సగం సగం. తల పక్కన సి, ఓ, ఎన్, ఎస్, టి, ఎ, ఎన్ వరకు వచ్చింది, ఆ తరవాత చీలిక.

బొమ్మబొరుసు
ఇది రోమన్ నాణెం, నాలుగో శతాబ్దానిది. ఆ ఇద్దరూ సైనికులు, చేతిలో ఈటె, డాలు. మధ్యలో ఉన్నది కర్ర కాదు, సైన్యం జెండా. చుట్టూ లాటిన్‌లో ‘గ్లోరియా ఎక్సెర్కిటస్’ అని ఉండాలి, సైన్యానికి కీర్తి అని అర్థం. లక్షల్లో కొట్టారు, అందుకే అంత విరివిగా దొరుకుతాయి.

ఇక్కడ మీ కొలతలు పనికొస్తాయి. ఈ రకం 330లో మొదలైనప్పుడు మధ్యలో రెండు జెండాలు ఉండేవి, బరువు రెండున్నర గ్రాముల దరిదాపుల్లో. 335 ప్రాంతంలో బరువు తగ్గించి, ఒకే జెండా పెట్టారు. మీది ఒకటిన్నర గ్రాములు, 15 మి.మీ. మధ్యలో జెండా ఒక్కటే అయితే 335 నుంచి 341 మధ్య వేసుకోవచ్చు. జెండాలు ఒకటా రెండా అన్నది ఇంకో ఫోటోలో చూపించగలరా?

ఎవరి తల అన్నదే చిక్కు. కాన్‌స్టాన్ అన్నంత వరకు నలుగురికీ ఒకటే. తండ్రి కాన్‌స్టాంటైన్, కొడుకులు రెండో కాన్‌స్టాంటైన్, రెండో కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్. పేరు చివర ‘అగస్టస్’కు గుర్తుగా ఎ, వి, జి ఉంటే చక్రవర్తి. ‘నోబ్ సి’ అని ఉంటే ఇంకా యువరాజు హోదాలో ఉన్న కొడుకు. తండ్రి 337 మేలో చనిపోయాడు, ఆ సెప్టెంబర్‌లో మిగిలిన ముగ్గురూ అగస్టస్‌లయ్యారు. కాబట్టి ఆ రెండు మూడు అక్షరాలు బయటపడితే కాలం ఇంకా బిగుసుకుంటుంది. సైనికుల కాళ్ల కింద గీతకు దిగువన టంకశాల గుర్తు ఉంటుంది. టి, ఆర్ ఉంటే ట్రియర్. ఎల్, జి ఉంటే లియోన్. ఎస్, ఎమ్, ఎ, ఎన్ వరసగా ఉంటే అంతియోక్.

పాతపైకం
ఫోటో వెతికిపెట్టే యాప్‌లో పెడితే క్షణంలో చెప్పేస్తుంది కదా?

బొమ్మబొరుసు
పాతపైకం గారూ, అది బొమ్మ పోలికను బట్టి ఎక్కువగా దొరికే ఫోటోలను చూపిస్తుంది. వాటిలో అమ్మేవాళ్లు తప్పు పేరు పెట్టినవీ ఉంటాయి. మొదటి ఆధారం కోసం వాడుకోవచ్చు. ఆ తరవాత రోమన్ చక్రవర్తుల నాణేలకు ఓక్రే, అన్ని దేశాల కొత్త నాణేలకు నూమిస్టా, ఇస్లామిక్, ఆసియా నాణేలకు జెనో డేటాబేస్‌లలో బరువు, వ్యాసం, అక్షరాలు మూడూ కలుస్తున్నాయో లేదో చూడాలి. బొమ్మ కలిసి బరువు కలవకపోతే అది వేరే నాణెం, లేదా నకిలీ.

సాయంత్రం చదువరి
తేదీ లేని నాణెం కాలం ఇంత కచ్చితంగా చెప్పగలగడం బాగుంది. తేదీలున్న పాత నాణేలు అసలు ఉండవా?

బొమ్మబొరుసు
ఉంటాయి. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మాలిక్ హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో, నాణేలను సంస్కరించాక ఇస్లామిక్ నాణేల మీద సంవత్సరం, వెండి మీదైతే టంకశాల పేరు కూడా, మాటల్లో రాసి ఉంటాయి. తరవాతి వాటిలో అంకెలు వచ్చాయి. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా మన లెక్క వస్తుంది. హిజ్రీ 1215 అయితే 1800 దగ్గరకు చేరుతుంది. చైనా నాణేల మధ్యలో చదరపు రంధ్రం ఉంటుంది, వాటి మీద చాలావరకు చక్రవర్తి పాలనా కాలం పేరు రాస్తారు. అవి కొట్టినవి కావు, అచ్చుపోసినవి, కాబట్టి అంచున అచ్చు గుర్తులు కనిపిస్తే నకిలీ అనుకోకండి. అదే రోమన్ నాణెం అంచు చుట్టూ అతుకు గీత ఉంటే అనుమానించాలి.

నేలపొర
ఇంత చర్చ జరిగింది, ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. పొలంగట్టు గారూ, ఆ రెండూ చేనులో ఎక్కడ దొరికాయో గుర్తుపెట్టుకున్నారా? ఫోన్ జీపీఎస్‌లో పాయింట్, లోతు, పక్కన కుండ పెంకులేమైనా కనిపించాయా అన్నది. నాణెం పేరు ఎప్పుడైనా కనుక్కోవచ్చు, పదేళ్ల తరవాత కూడా. ఎక్కడ దొరికిందన్న సంగతి తవ్విన రోజు రాసుకోకపోతే ఇక ఎవరూ చెప్పలేరు.

ఒక్క నాణెం దున్నిన మట్టిలో దొరికితే పెద్ద ఇబ్బంది లేదు, నాగలి దాన్ని ఎప్పుడో కదిపేసింది. కానీ ఒకే గుంతలో వరసగా నాణేలు వస్తుంటే, కుండ అంచు తగిలితే, చేయి వెనక్కి తీసుకోండి. 2010 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు ఇలాగే కుండ మూతి తగిలింది. ఆయన తవ్వకం ఆపి పురావస్తు అధికారులకు కబురు చేశాడు. వాళ్లు కుండను పొరలు పొరలుగా ఖాళీ చేశారు. అందులో 52,503 రోమన్ నాణేలు ఉన్నాయి. అన్నిటికంటే చివరి కాలపు నాణేలు, అంటే కరౌసియస్ అనే పాలకుడివి, పైన కాకుండా చాలావరకు కుండలో బాగా కింద ఉన్నాయి. ఏళ్ల తరబడి హుండీలో వేసినట్టు దాచిన సొమ్ము అయితే కొత్తవి పైన ఉండాలి. అంటే ఆ కుండను ఒకేసారి నింపారన్నమాట. ఆయన కుండను పైకి లాగి నాణేలను బకెట్‌లో కుమ్మరించి ఉంటే, లంకెబిందె దొరికిందన్న వార్త మిగిలేది గానీ ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

చట్టం దేశానికో రకంగా ఉంటుంది, ముందే కనుక్కోవాలి. ఐర్లండ్‌లో పురావస్తువుల కోసం లైసెన్స్ లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం. ఇంగ్లండ్‌లో 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకే చోట రెండు దొరికినా 14 రోజుల్లో చెప్పాలి. ఒంటరి నాణేలను స్వచ్ఛందంగా నమోదు చేసే పథకం అక్కడ 1997లో మొదలైంది, ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం కింద నేలలో దాగి దొరికిన, పది రూపాయలకు మించి విలువున్న ఏ నిధినైనా కలెక్టర్‌కు తెలపాలి.

బీప్‌మోత
నేలపొర చెప్పినదానికి ఒకటి కలుపుతాను. బలమైన సిగ్నల్ పెద్ద వెడల్పులో, అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తే అది కుండ కావచ్చు, పాత ఇనుప పళ్లెమూ కావచ్చు. పిన్‌పాయింటర్‌తో, అంటే గుంతలో పెట్టి చూసే చిన్న చేతి డిటెక్టర్‌తో, అంచులు చూసుకుని, చిన్నగా తెరిచి చూడండి. పారతో ఒక్క పోటు పొడవవద్దు.

సాయంత్రం చదువరి
చిలుము గారూ, నా కంచు నాణెం ఒకదాని మీద లేత పచ్చ పొడి వస్తోంది. తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. ఇది మామూలేనా?

చిలుము
మామూలు కాదు. దాన్ని కంచు తెగులు అంటారు. నేలలోని క్లోరైడ్లు లోహంలోకి దిగి, రాగితో కలిసి ఒక సమ్మేళనంగా లోపల ఉండిపోతాయి. గాలిలోని తేమ తగిలినప్పుడు అది చర్య జరిపి ఆ పొడిగా మారుతుంది. ఆ చర్యలో పుట్టే ఆమ్లం ఇంకాస్త రాగిని తింటుంది. అలా ఆగకుండా సాగిపోతుంది. ముదురు పచ్చగా, గట్టిగా, నున్నగా ఉండే పొర మంచిదే, దాన్ని ముట్టుకోవద్దు. లేత రంగులో పొడిపొడిగా రాలుతుంటే ఇదే.

వెంటనే దాన్ని మిగతావాటి నుంచి విడిగా పెట్టండి. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 35 శాతం కన్నా తక్కువ ఉండేలా చూసుకుంటే చర్య నెమ్మదిస్తుంది. దాన్ని నయం చేయడం వస్తువులు సంరక్షించే నిపుణుల పని, ఇంట్లో రసాయనాలతో మొదలుపెట్టకండి. ఇంకా, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో నాణేలు పెట్టకండి. ఆ ప్లాస్టిక్ పాడవుతున్నకొద్దీ ఆమ్లం వదులుతుంది, నాణెం మీద జిగటగా పచ్చటి మరక పడుతుంది. పాలిఎస్టర్, పాలిఎథిలీన్ కవర్లు మంచివి.

పొలంగట్టు
నేలపొర గారూ, రెండు గుంతలకూ ఫోన్‌లో పాయింట్లు పెట్టాను, లోతు కూడా రాసుకున్నాను, రెండూ దున్నిన మట్టిలోనే. రోమన్ నాణెం చేను దిగువ మూల, జెటాన్ పాత బాట పక్కన. పెంకులు చూడటం మాత్రం ఇప్పుడే నేర్చుకుంటున్నాను.

జెండా ఒక్కటే, ఫోటో పెట్టాను. మెడ దగ్గర అక్షరాలు ఎంత చూసినా రావడం లేదు, టంకశాల గుర్తు ఉన్న చోటు అరిగిపోయింది. ఇంకా శుభ్రం చేస్తే బయటపడతాయా?

బొమ్మబొరుసు
ఫోటో చూశాను, స్పష్టంగా ఒక జెండానే. మెడ దగ్గర మట్టి లేదు, అక్షరాలే లేవు. కొట్టేటప్పుడు బిళ్ల అచ్చుకన్నా చిన్నదై ఆ భాగం అంచు బయట పడింది. అక్కడ శుభ్రం చేయడానికి ఏమీ లేదు. ‘కాన్‌స్టాంటైన్ వంశం, గ్లోరియా ఎక్సెర్కిటస్, ఒక జెండా, 335 నుంచి 341, టంకశాల తెలియదు’ అని రాసుకోండి. మ్యూజియం రికార్డుల్లో కూడా ఇలాంటివాటిని ఇలాగే రాస్తారు. చక్రవర్తి పేరు బలవంతంగా ఎంచి రాస్తే తరవాత చూసేవాళ్లకు అది అబద్ధపు ఆధారమవుతుంది.

నేలపొర
ఆ లేబుల్‌తో పాటు పాయింట్, లోతు, బరువు, వ్యాసం, నాలుగు ఫోటోలు కలిపి మీ ప్రాంతంలో దొరికిన వస్తువులు నమోదు చేసే అధికారికి పంపండి. జెటాన్ వివరాలు కూడా విడిగా పంపండి. ఈసారి చేనుకు వెళ్లినప్పుడు మీరు నడిచిన వరసలు కూడా మ్యాప్ మీద గీయండి, ఏమీ దొరకని వరసలతో సహా. ఆ దిగువ మూలలో ఇంకో రెండు మూడు రోమన్ నాణేలు పడితే, చేనులో మిగతా చోట్ల నిజంగా వెతికారా లేదా అన్నది అప్పుడు తెలియాలి.

పొలంగట్టు
పంపాను. చేను యజమానికి కూడా రెండింటి వివరాలు రాసిచ్చాను, జెటాన్ గురించి చెబితే ఆయన చాలాసేపు చేతిలో పెట్టుకుని చూశారు. వచ్చే వారం దిగువ మూల నుంచి మొదలుపెడతాను, వరసలు గీసుకుంటూ.